కౌశికుడు ఇంటికి తిరిగి వెళ్ళాడు

🙏 శ్రీ గురుభ్యో నమః 🙏
*పరదేశంలో ధర్మం – 41వ పాఠం*



డిసెంబరు దగ్గరపడుతోంది కదండీ. ఆక్లాండ్‌లో చూసినా, హామిల్టన్‌లో చూసినా, క్రైస్ట్‌చర్చ్‌లో చూసినా మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు ఒకటే మాట. "టికెట్లు చూశారా? ఎంత చెప్తున్నారు? సింగపూర్ మీదుగానా, కౌలాలంపూర్ మీదుగానా?" క్రిస్మస్‌కి పనిచేసే చోట్లు మూతపడతాయి, పిల్లలకు వేసవి సెలవులు, అటు సంక్రాంతి కలిసొస్తుంది. అందుకని చాలామంది ఇప్పుడే ఊరికి బయల్దేరతారు. కొందరు రెండేళ్ళకు వెళ్తున్నారు, కొందరు ఐదేళ్ళకు. వీసా తేలకనో, డబ్బులు కుదరకనో వెళ్ళలేకపోతున్నవాళ్ళూ మనలో ఉన్నారు. ఈరోజు పాఠం ఈ అందరికీ.

ముందుగా కథ చెప్పుకుందాం. పాండవులు అరణ్యవాసంలో ఉన్నప్పుడు మార్కండేయ మహర్షి ధర్మరాజుకు చెప్పిన కథ ఇది. తెలుగు భారతంలో ఎఱ్ఱన చేతి మీదుగా మనకు అందింది.

*కొంగ, ఇల్లాలు, మాంసం కొట్టు*

కౌశికుడని ఒక బ్రాహ్మణుడు. వేదం చదువుకోవాలని, తపస్సు చేసుకోవాలని ఇల్లు వదిలి వెళ్ళాడు. బాగా చదివాడు, శక్తి కూడా సంపాదించాడు. ఒకనాడు చెట్టు కింద కూర్చుని వేదం చెప్పుకుంటుంటే కొమ్మ మీద కొంగ రెట్ట వేసింది. కోపంతో తలెత్తి చూశాడు. అంతే, కొంగ చచ్చి కింద పడింది. అయ్యో అనుకున్నాడు. కానీ మనసులో ఒక మూల తన శక్తి తనకు తెలిసింది కూడా.

తర్వాత భిక్షకు ఊళ్ళోకి వెళ్ళాడు. ఒక ఇల్లాలు "ఉండండి, తెస్తాను" అని లోపలికెళ్ళింది. అంతలో ఆమె భర్త ఆకలితో వచ్చాడు. ఆయనకు కాళ్ళు కడిగి, అన్నం పెట్టి, ఆ తర్వాతే భిక్ష పట్టుకుని బయటికొచ్చింది. కౌశికుడికి ఒళ్ళు మండింది, కళ్ళెర్రజేశాడు. ఆమె బెదరలేదు. నేను కొంగను కానయ్యా, అంది! అడవిలో జరిగింది ఈమెకెలా తెలిసిందని ఆయన నిర్ఘాంతపోయాడు. ధర్మం ఇంకా నీకు పూర్తిగా తెలియలేదు, మిథిలకు వెళ్ళి ధర్మవ్యాధుణ్ణి అడుగు, అని పంపించింది.

మిథిలకు వెళ్తే ఆ ధర్మవ్యాధుడు ఎక్కడున్నాడు? మాంసం కొట్టులో! తూకం వేసి అమ్ముతున్నాడు. వేదం చదివినాయన మొహం చిట్లించుకుని పక్కన నిలబడ్డాడు. వ్యాధుడే లేచొచ్చి నమస్కారం పెట్టి, మిమ్మల్ని ఆ ఇల్లాలు పంపిందని నాకు తెలుసు, రండి ఇంటికి, అన్నాడు. దారిలోనూ ఇంట్లోనూ ఎంతో ధర్మం చెప్పాడు. చివరికి లోపలికి తీసుకెళ్ళి తన ముసలి తల్లిదండ్రులను చూపించాడు. శుభ్రమైన ఇల్లు, మంచి ఆసనాలు, తెల్లని బట్టలు. భోజనం చేసి హాయిగా కూర్చుని ఉన్నారు. నా దేవుళ్ళు వీళ్ళే, నాకు తెలిసినదంతా వీళ్ళ సేవలోంచే వచ్చింది, అన్నాడు.

ఆ తర్వాత అన్న మాట చూడండి, కథంతా దాని కోసమే. అయ్యా, మీరు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇల్లు వదిలి వచ్చారు. మీ మీది దిగులుతో ఆ ఇద్దరికీ కళ్ళు పోయాయి. వెంటనే వెళ్ళండి, వాళ్ళను సంతోషపెట్టండి. దానికి మించిన ధర్మం ఇప్పుడు మీకు లేదు.

కౌశికుడు వాదించలేదు. ఆయనకు ప్రదక్షిణం చేసి, ఇంటికి వెళ్ళి, తల్లిదండ్రుల సేవలో ఉండిపోయాడు.

*మనం అనుమతి తీసుకునే వచ్చాం కదా?*

కథ విన్నాక చాలామందికి వచ్చే మాట ఇదే. "మేమేం చెప్పకుండా రాలేదండీ. మా నాన్నే అప్పు చేసి పంపించాడు. మా అమ్మే పుస్తెలతాడు బ్యాంకులో పెట్టింది." నిజమే. మన తల్లిదండ్రులు దీవించి పంపారు. మనం పంపే డబ్బుతో అప్పులు తీరాయి, చెల్లెలి పెళ్ళయింది, ఇంటికి స్లాబు పడింది. అది సేవ కాదని ఎవరూ అనలేరు. ధర్మవ్యాధుడు కూడా కొట్లో సంపాదించే ఇంట్లో సేవ చేశాడు. డెయిరీ ఫామ్‌లో తెల్లవారుజామున పాలు పితికినా, టీ పుకేలో కివీపండ్లు ప్యాకింగ్ చేసినా, శాకాహారుల ఇంట పుట్టి సూపర్‌మార్కెట్ మాంసం కౌంటర్లో నిలబడినా, మన పని వల్ల మన ధర్మం తగ్గదు. మిథిలలో కౌశికుడు నేర్చుకున్న మొదటి పాఠం అదే.

కానీ ఒక్కటి ఆలోచించండి. వాళ్ళు వెళ్ళమన్నారు. రావద్దని మాత్రం అనలేదు. ఫోన్లో "టికెట్లు అంత రేటుంటే ఎందుకులే నాన్నా, వచ్చే ఏడు చూద్దాం" అంటారు. అది అనుమతి అనుకుంటాం. అది మన జేబు మీద వాళ్ళకున్న జాలి.

నా సంగతి ఒకటి చెప్తాను. మూడేళ్ళు మా అమ్మతో వారం వారం వీడియోలో మాట్లాడాను. ప్రతిసారీ "చిక్కిపోయావేంట్రా" అనేది. నన్ను చూస్తోందనే అనుకున్నాను. ఊరికి వెళ్ళిన రాత్రి గేటు తీసుకుని లోపలికి వస్తే, వరండాలో లైటు కింద కూర్చున్న మా అమ్మ "ఎవరండీ?" అంది. నాలుగడుగుల దూరంలో ఉన్నాను. రెండు కళ్ళలో శుక్లాలు. చెప్తే నేను కంగారుపడతానని చెప్పలేదు. అంతటితో నా బుద్ధి మారిందా అంటే, అదీ లేదు. "రేపు చూపిద్దాం" అనుకుని పెళ్ళికి వెళ్ళాను, హైదరాబాద్‌లో షాపింగ్ చేశాను, స్నేహితులను కలిశాను. పన్నెండో రోజున గానీ ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. అదే వారం నాన్న మందుల డబ్బా చూస్తే, బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నారని తెలిసింది. అట్ట ఎక్కువ రోజులు వస్తుందట.

అమ్మకు ఒక కన్ను ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పగానే నన్ను చూసి ఆమె అన్న మొదటి మాట: "జుట్టు నెరిసిపోయిందేంట్రా నీకు?" మూడేళ్ళుగా చిక్కిపోయావంటున్న మనిషి నన్ను చూసింది ఆరోజే. రెండో కన్నుకు నేను లేను, సెలవు అయిపోయింది. అక్క తీసుకెళ్ళింది. కౌశికుడి తల్లిదండ్రుల కళ్ళ సంగతి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. మా ఇంటి వరండా దాకా వస్తుందని అనుకోలేదు.

*4 వారాలు, 3 రోజులు*

ఈ దేశపు లెక్క ఒకటి చూడండి. న్యూజిలాండ్‌లో 2003 నాటి సెలవుల చట్టం ప్రకారం ఒక ఉద్యోగంలో ఏడాది పూర్తయితే జీతంతో 4 వారాల సెలవు మన హక్కు. అమ్మో నాన్నో పోతే అదే చట్టం ఇచ్చే సంతాప సెలవు 3 రోజులు. ఆపైన కావాలంటే యజమానిని అడిగి మామూలు సెలవు కలుపుకోవాలి. ఇక్కడి నుంచి ఊరు చేరడానికే దాదాపు ఒక రోజు పైన పడుతుంది. మన ఊళ్ళల్లో మర్నాటికే కార్యం చేసేస్తారు. అంటే పరుగెత్తుకెళ్ళినా చాలామందికి ముఖం కూడా దక్కదు.

బతికుండగా చూడడానికి 4 వారాలు. పోయాక ఏడవడానికి 3 రోజులు. చట్టం ధర్మశాస్త్రం కాదు గానీ, ఈ లెక్కలో ఒక హెచ్చరిక ఉంది. ఏ సెలవు ముందు వాడుకోవాలో మన చేతుల్లోనే ఉంది.

ఈ నేల మీద పుట్టిన మావోరీలకు ఒక మాట ఉంది, "కనోహి కితెయా" అని. కనబడిన ముఖం అని అర్థం. మనిషి వచ్చి ముఖం చూపించడం వాళ్ళకు పెద్ద మర్యాద. ఎవరైనా పోతే ఎక్కడెక్కడి బంధువులో తమ మరాఏకు తరలివస్తారు, రెండు మూడు రోజులు ఆ పార్థివ దేహాన్ని ఒంటరిగా వదలరు. మనతో పనిచేసే మావోరీ మనిషి అందుకోసం వెళ్తే సూపర్‌వైజర్ ఎందుకని అడగడు. ఎంత దూరంలో ఉన్నా ముఖం చూపించాలన్న మర్యాద మన పెద్దలు చెప్పిందీ, ఇక్కడివాళ్ళు పాటిస్తున్నదీ ఒకటే.

*ఇంట్లో చేయాల్సిన నాలుగు సేవలు*

టికెట్ కొనడం సంకల్పం మాత్రమే. వ్రతం ఊళ్ళో మొదలవుతుంది. ధర్మవ్యాధుడు తన సేవ ఎలా ఉంటుందో కౌశికుడికి వివరంగా చెప్పాడు. తానే స్నానం చేయిస్తాడు, తానే కాళ్ళు కడుగుతాడు, తానే అన్నం పెడతాడు, వాళ్ళకు నచ్చే మాటలే మాట్లాడతాడు. ఈ నాలుగూ మన సెలవులోకి తెచ్చుకుందాం.

*1. స్నానం.* అంటే వాళ్ళ ఒంటిని మన కళ్ళతో చూడడం. వెళ్ళిన మొదటి వారంలోనే కళ్ళు, పళ్ళు, చెవులు, షుగరు, బీపీ చూపించండి. చివరి వారానికి పెట్టుకుంటే నాలాగే అవుతుంది. మందుల డబ్బా తెరిచి చూడండి. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, నేల జారుతోందా చూసి బాగుచేయించండి. 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చుకు ఆసరా అయ్యే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు చివర్లో మొదలైంది. తీసుకోకపోతే దగ్గరుండి తీయించండి.

*2. పాదాలు.* మనలో ఎంతోమంది ఇక్కడ వృద్ధాశ్రమాల్లో కేర్‌గివర్లుగా చేస్తున్నారు. ఎవరి తల్లికో కాళ్ళు తుడిచి మేజోళ్ళు తొడుగుతాం, ఎవరి తండ్రికో గడ్డం గీస్తాం. ఆ పుణ్యం ఎక్కడికీ పోదు. అదే చేతులతో ఒక్క సాయంత్రం అమ్మ కాళ్ళకు నూనె రాయండి, నాన్నకు గోళ్ళు తీయండి. పుట్టినరోజున కాళ్ళకు దండం పెట్టి ఫోటో తీసుకోవడం ఒక నిమిషం పని. ఆ పాదాల పగుళ్ళు మనకు తెలియాలంటే అరగంట కూర్చోవాలి.

*3. అన్నం.* వెళ్ళినన్నాళ్ళూ ఆమె చేత వండించుకుని తినడమేనా? ఆమెకు అదీ సంతోషమే, కాదనకండి. కానీ కొన్ని పూటలైనా మీరు వడ్డించండి. రోజుకు ఒక పూట ముగ్గురూ ఒక చోట కూర్చుని, ఫోన్లు ఇంకో గదిలో పెట్టి తినండి. ఊళ్ళో ఉన్నది 20 రోజులైతే 20 భోజనాలు. అవి లెక్కపెట్టుకోండి.

*4. ప్రియమైన మాట.* అన్నిటికంటే కష్టమైనది ఇదే. "ఈ పాత సామానంతా ఎందుకు పెట్టుకున్నారు? ఆ టీవీ సౌండేంటి? చెప్పిందే ఎన్నిసార్లు చెప్తావమ్మా?" దిగిన మూడో రోజు నుంచి మన నోట్లోంచి వచ్చే మాటలివి. చెప్పిందే చెప్పనివ్వండి. మీరు లేని మూడేళ్ళూ ఆ కథ వినేవాళ్ళు లేక దాచుకుంది. ఆస్తుల పంపకం, మీ పెళ్ళి సంబంధం, తమ్ముడి ఉద్యోగం... మాట్లాడాల్సినవి ఉంటే ఒక రోజు కూర్చుని శాంతంగా మాట్లాడేసుకోండి. రోజూ భోజనాల దగ్గరికి తేకండి.

*ఊళ్ళో ఉన్నవాళ్ళకు ముందు దండం*

ఇంకొక్క సంగతి. మనం లేనప్పుడు అమ్మానాన్నలను చూసుకుంటున్నది ఎవరు? అన్నా వదిన కావచ్చు, అక్కాబావ కావచ్చు, ఎదురింటి పిన్నిగారు కావచ్చు. మనం మూడు వారాలకు వెళ్ళి "గ్యాస్ స్టవ్ ఇలా ఉందేంటి, డాక్టరుకు చూపించలేదేంటి" అని తనిఖీకి వచ్చిన ఆఫీసరులా అడుగుతాం. ఏడాది పొడవునా మోసిన వదినకు ఆ మాట ఎలా తగులుతుందో ఆలోచించండి. సూట్‌కేసు తెరిచాక మొదటి చీర ఆమె చేతిలో పెట్టండి. "మీరున్నారన్న ధైర్యంతోనే నేను అక్కడ నిద్రపోతున్నాను వదినా" అని నోరు తెరిచి చెప్పండి. వీలుంటే ఒక వారం ఆమెను పుట్టింటికి పంపి, ఆ పని మీరు చేయండి. నాలుగు రోజుల్లో అన్నీ అర్థమవుతాయి.

బంధువుల సంగతి కూడా అంతే. ఒక్కో పూట మూడిళ్ళు తిరిగి, కాఫీ తాగి, అమ్మను ఇంట్లో ఒంటరిగా వదిలేయడం కంటే, ఒక ఆదివారం అందరినీ మీ ఇంటికే భోజనానికి పిలవండి. అమ్మానాన్నల చుట్టూ వాళ్ళ తోబుట్టువులు కూర్చుంటే ఆ ఇంటికి పండగే. మంచం మీదున్న పెద్దమ్మ, నడవలేని మేనమామ ఉంటే మాత్రం మీరే వెళ్ళండి. మళ్ళీ వెళ్ళేసరికి ఎవరుంటారో మనకు తెలీదు.

తిరిగొచ్చే రోజు అమ్మ సర్దే డబ్బాల గురించి కూడా ఒక మాట. ఆవకాయ, సున్నుండలు, తేనె సీసా... ఈ దేశంలోకి తేనె రానివ్వరు, నెయ్యి వేసిన వాటికీ ఇబ్బంది. తినేది ఏది తెచ్చినా ఆక్లాండ్‌లో దిగగానే డిక్లేర్ చేయాలి. చేయకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా అని మనకందరికీ తెలుసు. ఆ కోపం అమ్మ మీద చూపించకండి. రానివ్వని వాటిని ముందు నుంచే నెమ్మదిగా చెప్పండి. "దీన్ని తీసేసుకుంటారమ్మా, ఇక్కడే తినేసి వెళ్తాను" అని ఆమె ఎదుట కూర్చుని తినండి. సూట్‌కేసులో పట్టనిదంతా అలా మోసుకురావచ్చు.

*వెళ్ళలేనివాళ్ళకు, ఆలస్యమైనవాళ్ళకు*

ఇది చదువుతూ కొందరికి గుండె బరువెక్కి ఉంటుంది. 2020 మార్చిలో ఈ దేశపు సరిహద్దులు మూసేశారు, పూర్తిగా తెరిచేసరికి 2022 జూలై నెలాఖరైంది. 2021 ఏప్రిల్లో కొన్నాళ్ళు భారతదేశం నుంచి పౌరులను కూడా రానివ్వలేదు. వెళ్తే తిరిగి రాలేం, రాకపోతే ఉద్యోగం ఉండదు. ఆ రెండేళ్ళలో ఫోన్లోనే తండ్రి చితి చూసినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. వాళ్ళెవరూ కౌశికుడిలా వదిలేసి వచ్చినవాళ్ళు కాదు. దారి మూసుకుపోయిందంతే. ఆ భారం మీద మీరింకో అపరాధం మోపుకోకండి.

ఆదిశంకరుల గురించి సంప్రదాయంలో ఒక కథ చెప్తారు. సన్న్యాసానికి తల్లి ఆర్యాంబ ఒప్పుకున్నప్పుడు, నీ చివరి ఘడియల్లో నీ దగ్గరుంటానని ఆయన మాటిచ్చారు. సన్న్యాసికి ఇల్లు లేదు, కర్మ లేదు. అయినా సమయానికి కాలడి చేరారు. బంధువులు అడ్డుపడినా తల్లి అంత్యక్రియలు తానే చేశారు. అన్నీ వదిలిన మనిషి కూడా ఈ ఒక్క మాట వదల్లేదు. తండ్రి పోయినవారికి తల్లి ఉంది. ఇద్దరూ లేనివారికి ఊళ్ళో వాళ్ళ తోబుట్టువు ఎవరో ఒకరు మిగిలి ఉంటారు. మహాలయ పక్షంలో ఇక్కడే మీకు చేతనైన విధంగా వాళ్ళను తలుచుకుని, ఆ మిగిలిన పెద్దమనిషికి ఫోన్ చేయండి. ఋణం అటు మళ్ళుతుంది.

వీసా మధ్యలో ఉండి కదల్లేనివాళ్ళు తొందరపడి బయల్దేరకండి. తిరిగి రావడానికి అనుమతి ఉందో లేదో ముందు చూసుకోండి. ఈలోగా ఫోన్నే గుడి చేసుకోండి. చలికాలంలో మనకు సాయంత్రం 6 అయితే అక్కడ ఉదయం 11:30, వేసవిలో అయితే 10:30. నైట్ షిఫ్ట్ దిగొచ్చి ఉదయం 7కి చేస్తే వాళ్ళకు అర్ధరాత్రి. వాళ్ళు మేలుకుని ఉండే వేళ ఒకటి ఖాయం చేసుకుని, రోజూ ఆ వేళకే చేయండి. ఎదురుచూడ్డానికి ఒక గడియ ఉండడం ముసలితనంలో పెద్ద ఆసరా. "బాగున్నారా" అని అడిగితే "బాగున్నాం" అనే అంటారు. అది అడగకండి. "ఈరోజు ఏం తిన్నారు? ఎవరొచ్చారు? ఆ మాత్రల అట్ట ఒకసారి చూపించు" అని అడగండి.

*ఈ వారం ఆచరణ*

🪔 సెలవు ఎన్ని రోజులు మిగిలుందో ఈరోజే చూసుకోండి. ప్రయాణం తేదీ తేలకపోయినా నెల అనుకోండి.
🪔 ఊళ్ళో అమ్మానాన్నలను చూసుకుంటున్నవారికి, ఏ పనీ చెప్పకుండా, ధన్యవాదం చెప్పడానికే ఒక ఫోన్ చేయండి.
🪔 రాత్రి దీపం దగ్గర ఈ మూడు ప్రశ్నలు అడగండి: అమ్మకు ఇప్పుడు ఏది కనబడడం లేదు? నాన్న నా దగ్గర ఏం దాస్తున్నారు? చివరిసారి వాళ్ళ పక్కన ఊరికే కూర్చున్నది ఎప్పుడు?

కౌశికుడు ఎన్నేళ్ళు వేదం చదివాడో కథలో లెక్క లేదు. ఇంటికెళ్ళాక ఆయన ఏ తపస్సు చేశాడో కూడా చెప్పలేదు. వెళ్ళి తల్లిదండ్రులకు సేవ చేశాడని మాత్రం చెప్పి మార్కండేయుడు ఆపేశాడు. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు కనుక.

ప్రయాణం చేసేవారికి శ్రీరామరక్ష. ఎదురుచూస్తున్న తల్లిదండ్రులకు ఆయురారోగ్యాలు.

శుభం భూయాత్ 🙏

(వచ్చే గురువారం 42వ పాఠం: అత్తమామలూ మన దేవుళ్ళే. ఊరికి బయల్దేరుతున్న మీ స్నేహితులు ఒకరికి ఇది పంపండి.)